చెవికి అందని చప్పుడు

మా మినీ ప్రాజెక్ట్ టైటిల్ క్లాస్ గ్రూపులో పడగానే రెండు రోజులు దాని మీదే జోకులు నడిచాయి. మిగతా టీములకి చాట్‌బాట్, అటెండెన్స్ యాప్, ఫేస్ రికగ్నిషన్ లాంటివి వచ్చాయి. మాకు మాత్రం "ఎక్స్‌ట్రూజన్ జరుగుతున్నప్పుడు పాలిమర్ ఎంత బాగా కలిసిందో అల్ట్రాసోనిక్ తరంగాలతో గమనించడం". "సీఎస్ఈ చదివి బకెట్లు చేస్తారా?" అని ఒకడు, "ప్లేస్‌మెంట్‌లో మగ్గు ఫ్రీ" అని ఇంకొకడు. నాకు కోపం రాలేదు, అలాగని నవ్వూ రాలేదు. మా ఇంటి అద్దె, నా ఫీజు, తమ్ముడి ట్యూషన్, అన్నీ వచ్చేది ఎక్స్‌ట్రూడర్ దగ్గర నుంచే. మా నాన్న హైదరాబాద్‌లో కాటేదాన్ వైపు ఒక చిన్న ప్లాస్టిక్ కంపెనీలో ఆపరేటర్. ఇరవై రెండేళ్లుగా అదే పని.

విచిత్రం ఏంటంటే, ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ మెషీన్ ఏం చేస్తుందో నాకు తెలీదు. నాన్న చొక్కాకి ఉండే కాలిన వాసన తెలుసు. చేతి మీద చిన్న చిన్న మచ్చలు తెలుసు. "దానా" అనే మాట తెలుసు, అంటే ప్లాస్టిక్ గింజలు. అంతే. ఎల్‌కేజీ నుంచి నాది ఇంగ్లిష్ మీడియం. స్కూల్లో "మీ ఫాదర్ ఏం చేస్తారు?" అంటే "ప్లాస్టిక్ ఇండస్ట్రీ" అని ఇంగ్లిష్‌లో చెప్పి కూర్చునేదాన్ని. ఎక్స్‌ట్రూడర్ అనే మాట నేను మొదటిసారి చదివింది మెకానికల్ డిపార్ట్‌మెంట్ సార్ ఇచ్చిన రీసెర్చ్ పేపర్‌లో. ఆ సాయంత్రం ఇంటికెళ్లి "నాన్నా, మీ మెషీన్‌ని ఎక్స్‌ట్రూడర్ అంటారా?" అని అడిగితే, ఆయన అన్నం కలుపుతూ "మరి ఇన్నాళ్లూ ఏమనుకున్నావ్ తల్లీ?" అన్నాడు.

ముందు అసలు విషయం చెప్తాను. మనలో చాలామందికి ఇది కొత్తే కదా.

జంతికల గొట్టం చూశారుగా. పైన పిండి పెట్టి నొక్కితే కింద చిల్లుల ప్లేటులోంచి జంతిక వస్తుంది. ఎక్స్‌ట్రూడర్ కూడా అదే పని చేస్తుంది. కాకపోతే అందులో చేతితో నొక్కడం ఉండదు. ఒక పొడవాటి ఉక్కు గొట్టం, అదే బ్యారెల్. దాని లోపల తిరిగే స్క్రూ. ఒక చివర హాపర్‌లో దానా పోస్తారు. బ్యారెల్ చుట్టూ హీటర్లు ఉంటాయి. స్క్రూ తిరుగుతూ దానాని ముందుకి తోస్తుంది, నలుపుతుంది, ఆ రాపిడికి, హీటర్ల వేడికి అది కరుగుతుంది. పాలీప్రొపిలీన్ అయితే సుమారు 160 డిగ్రీలు దాటాక కరుగుతుంది, మెషీన్ మాత్రం 200 డిగ్రీల చుట్టుపక్కల నడుపుతారు. ఇంకో చివర జాలీ దాటి డైలోంచి తీగలుగా బయటికొస్తుంది. ఆ తీగల్ని నీళ్ల తొట్టిలో చల్లార్చి, కటర్‌తో ముక్కలు చేస్తే మళ్లీ దానానే. ఈసారి అందులో రంగో, సుద్దపొడిలాంటి కాల్షియం కార్బొనేటో కలిసి ఉంటుంది. నాన్న వాళ్ల కంపెనీ చేసేది ఇదే. వీళ్ల దానా కొనుక్కుని వేరేవాళ్లు పైపులు, కుర్చీలు, సంచులు చేస్తారు.

ఇందులో కష్టమంతా కలపడంలోనే ఉంది. టీలో చక్కెర కలపడం తేలిక, ఎందుకంటే స్పూన్ తిప్పగానే నీళ్లలో సుడులు పుడతాయి, ఆ సుడులే సగం పని చేసేస్తాయి. కరిగిన ప్లాస్టిక్ నీళ్ల కంటే లక్షల రెట్లు చిక్కగా ఉంటుంది. అందులో సుడులు పుట్టవు. పొరలు పొరలుగా జారుతుంది. కాబట్టి చపాతీ పిండిలాగా సాగదీయాలి, మడవాలి, మళ్లీ సాగదీయాలి. స్క్రూ చేసేది అదే.

పైగా కలపడం అనేది ఒక్క పని కాదు, రెండు. పులిహోరలో చింతపండు గుజ్జు ప్రతి మెతుక్కీ సమానంగా అంటాలి, ఒకచోట పుల్లగా ఒకచోట చప్పగా ఉండకూడదు. అది పంచడం. ఉప్మాలో రవ్వ ఉండకట్టకూడదు, కడితే చిదపాలి. అది చిదమడం. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఈ రెండింటికీ వేర్వేరు పేర్లున్నాయి, డిస్ట్రిబ్యూటివ్ మిక్సింగ్, డిస్పర్సివ్ మిక్సింగ్ అని. నాకు వంటింట్లోనే బాగా అర్థమయ్యాయి. బాగా పంచి, ఉండలు చిదమకపోయినా ప్రమాదమే. ఉండలన్నీ చిదిమి, సమానంగా పంచకపోయినా ప్రమాదమే. అలాంటి దానాతో పైపు చేస్తే ఆ ఉండ ఉన్నచోటే పగులు మొదలవుతుంది.

మరి లోపల బాగా కలిసిందో లేదో ఎలా తెలుస్తుంది? బ్యారెల్ ఉక్కుది. కిటికీ పెట్టి చూద్దామన్నా సుద్దపొడి, కార్బన్ కలిపిన ప్లాస్టిక్‌లోంచి వెలుతురు పోదు. మామూలుగా అయితే బయటికొచ్చిన శాంపిల్ ల్యాబ్‌కి పంపిస్తారు. రిపోర్ట్ వచ్చేలోపు బస్తాలకి బస్తాలు తయారైపోతాయి. ఇక్కడే అల్ట్రాసోనిక్ అవసరం వస్తుంది. వెలుతురు పోలేని చోటికి శబ్దం పోతుంది.

మనిషి చెవికి వినపడేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. ఆ పైన అంతా అల్ట్రాసౌండ్. మనందరం ఫస్ట్ ఇయర్‌లో ఆర్డుయినోకి హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ తగిలించి దూరం కొలిచాం కదా. అది 40 కిలోహెర్ట్జ్ శబ్దం పంపి, ప్రతిధ్వని ఎప్పుడొచ్చిందో చూసుకుంటుంది. గాలిలో శబ్దం వేగం మనకి తెలుసు కాబట్టి దూరం లెక్కకడతాం. ఎక్స్‌ట్రూడర్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ దూరం తెలుసు, ఎదురెదురుగా బిగించిన రెండు ఉక్కు కడ్డీల మధ్య ఖాళీ, మా సెటప్‌లో 10 మిల్లీమీటర్లు. తెలియంది వేగం. కరిగిన ప్లాస్టిక్‌లో శబ్దం సెకనుకి సుమారు 1000 మీటర్లు పోతుంది, అంటే ఆ ఖాళీ దాటడానికి దాదాపు 10 మైక్రోసెకన్లు. లోపలి పదార్థం మారితే ఆ సమయం మారుతుంది. దాంతోపాటు ఇవతల బయల్దేరిన శబ్దంలో అవతలికి ఎంత చేరిందన్నది కూడా మారుతుంది. ఈ రెండే మనకి దొరికేవి. ఎంతసేపట్లో వచ్చింది, ఎంత మిగిలి వచ్చింది.

ఉండల సంగతి ఇందులో ఎలా తెలుస్తుందో చూడండి. మేం వాడింది 5 మెగాహెర్ట్జ్. ప్లాస్టిక్‌లో దాని తరంగదైర్ఘ్యం దాదాపు 0.2 మిల్లీమీటర్లు. సుద్దపొడి రేణువు విడివిడిగా ఉంటే కొన్ని మైక్రాన్లే, తరంగం దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. అవే రేణువులు ఉండకట్టి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా పెరిగితే శబ్దాన్ని చెల్లాచెదురు చేస్తాయి. అవతలికి చేరేది తగ్గుతుంది. దీన్ని అటెన్యుయేషన్ అంటారు. నాన్నకి చెప్పడానికి తెలుగు మాట వెతికాను, క్షీణత అని డిక్షనరీలో ఉంది. ఆయన విని "సౌండ్ నీరసపడటం అన్నమాట" అన్నాడు. అప్పట్నుంచి మా టీంలో అందరం నీరసం అనే అంటున్నాం.

ఈ పని ఎవరూ చేయలేదని కాదు. ఒత్తిడి పెడితే కొన్ని స్ఫటికాలు కరెంటు పుట్టిస్తాయని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు, మొదటి ప్రపంచ యుద్ధంలో లాంజెవిన్ దాంతో సముద్రంలో సబ్‌మెరైన్లని వెతికాడు. ఎక్స్‌ట్రూడర్ దాకా వచ్చేసరికి అడ్డం పడింది వేడి. శబ్దం పుట్టించే పీజోఎలెక్ట్రిక్ సెరామిక్ రకాన్ని బట్టి సుమారు 200 నుంచి 350 డిగ్రీల మధ్య తన గుణం పూర్తిగా పోగొట్టుకుంటుంది, పాడవడం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. అందుకని సెన్సర్‌ని చల్లగా దూరంగా ఉంచి, మధ్యలో ఉక్కు కడ్డీ పెట్టి దాని గుండా శబ్దం పంపుతారు. దాన్ని బఫర్ రాడ్ అంటారు. కెనడాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ల బూషెర్విల్ ల్యాబ్‌లో చెంగ్-కుయి జెన్, ఆయన సహచరులు ఈ కడ్డీల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు కూడా కరిగిన ప్లాస్టిక్‌ని మెషీన్‌లో ఉండగానే అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. మేం చేసింది వాళ్ల పనికి చిన్న కాలేజీ నకలు అంతే.

ఆ కడ్డీ వల్ల వచ్చే నష్టం కూడా చిన్నది కాదు. ఉక్కుకీ కరిగిన ప్లాస్టిక్‌కీ పొత్తు కుదరదు. ఉక్కులోంచి ప్లాస్టిక్‌లోకి దిగేటప్పుడు శక్తిలో సుమారు 6 శాతమే లోపలికి పోతుంది, మిగతాది వెనక్కి తిరిగొచ్చేస్తుంది. అవతల కడ్డీలోకి ఎక్కేటప్పుడు మళ్లీ అంతే. నూటికి అర పాలు కూడా మిగలదు. ఆ మిగిలిన దాంట్లోంచే మనం కథంతా చదవాలి.

మా వాటా పని కోడ్ రాయడం. మెకానికల్ ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్ ఫిలమెంట్ కోసం కొన్న చిన్న సింగిల్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్ ఉంది. సార్ దాని డై ముందు ఒక ఉక్కు దిమ్మ చేయించి కడ్డీలు బిగించారు. సెకనుకి 1000 పల్సులు, ఒక్కో పల్సుకి 2000 శాంపిళ్లు, శాంపిల్‌కి రెండు బైట్లు. లెక్కేస్తే సెకనుకి 4 ఎంబీ, 8 గంటల షిఫ్ట్‌కి దాదాపు 115 జీబీ. అంతా దాచుకోలేం. కాబట్టి పల్సు రాగానే క్రాస్ కోరిలేషన్‌తో సమయం, పీక్‌తో ఎత్తు, ఈ రెండు నంబర్లు తీసుకుని మిగతాది పారేస్తాం. ఇదంతా పైథాన్‌లో రాయడానికి మాకు మూడు వారాలు పట్టింది.

ఇక్కడ మాకు అర్థమైన మంచి విషయం ఒకటుంది. సగటు మోసం చేస్తుంది. బాగా కలిసిన సరుకుకీ, సరిగా కలవని సరుకుకీ నిమిషం సగటు తీస్తే దాదాపు ఒకటే రావచ్చు, ఎందుకంటే మొత్తం మీద పోసిన సుద్దపొడి అంతే కదా. తేడా తెలిసేది హెచ్చుతగ్గుల్లో. కలవని సరుకులో ఒక ముద్ద సుద్ద ఎక్కువగా, ఇంకో ముద్ద తక్కువగా వెళ్తుంటాయి, గ్రాఫ్ వణుకుతూ ఉంటుంది. కలిసిన సరుకులో గీత నిదానంగా ఉంటుంది. స్టాటిస్టిక్స్ క్లాసులో వేరియన్స్ ఎందుకు నేర్పారో నాకు ఈ ల్యాబ్‌లో తెలిసింది.

ఇంకో చిక్కు మిగిలింది. గీత ఎంత వణికితే "బాగాలేదు" అనాలి? మోడల్‌కి ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఇది మంచి సరుకు, ఇది చెడ్డ సరుకు అని. లేబుల్స్ లేకుండా మెషీన్ లెర్నింగ్ ఎక్కడిది? సార్ ఆలోచిస్తుంటే నేనే అన్నాను, "సార్, మా నాన్నగారు ఆపరేటర్, ఆయన్ని తీసుకురానా?" ఇన్నేళ్లలో కాలేజీలో నాన్న పని గురించి నేను చెప్పడం అదే మొదలు.

ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సార్ "రండి, కూర్చోండి" అన్నా కూర్చోలేదు, నేరుగా మెషీన్ దగ్గరికెళ్లాడు. "చిన్నపిల్లలా ఉందే" అన్నాడు దాన్ని చూసి. తర్వాత మూడు గంటలు మేం సుద్దపొడి పాళ్లు, స్క్రూ స్పీడు మారుస్తూ పోయాం, ఆయన ఒక్కో తీగనీ పట్టుకుని సాగదీసి చూశాడు, మడిచి తెల్లగా విరుగుతుందా చూశాడు, బ్లేడుతో కోసి లైట్‌కి ఎదురుగా పెట్టి ఉండలు చూశాడు. "ఇది పోతది." "ఇది ఫర్లేదు." "ఇది పార్టీకి పంపితే బస్తా వాపస్ వస్తది." నేను ఎక్సెల్ షీట్‌లో ఎక్కిస్తున్నా.

అప్పుడే గ్రాఫ్‌లో ఒక వింత చూపించాను. వేగం గీత నిదానంగా పైకి, కిందికి, పైకి, కిందికి పోతోంది. కలయికలో ఏ మార్పూ చేయలేదు. మా టీంలో ఎవరికీ అంతు చిక్కలేదు. నాన్న స్క్రీన్ వైపు కాసేపు చూశాడు, తర్వాత ప్యానెల్ మీద ఎర్రలైటు చూశాడు, మళ్లీ స్క్రీన్ చూశాడు. "హీటర్ కొట్టుకుంటోంది" అన్నాడు. హీటర్ ఆన్ అయినప్పుడు ప్లాస్టిక్ కాస్త వేడెక్కుతుంది, శబ్దం వేగం తగ్గుతుంది, ఆఫ్ అయితే పెరుగుతుంది. లైట్‌తో పోల్చి చూస్తే సరిగ్గా సరిపోయింది. సార్ నాన్నకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆ నెమ్మది అలని తీసేసి మిగతా వణుకుని మాత్రమే లెక్కపెట్టాలని మాకు దారి దొరికింది అలా.

కానీ నాకు ఆ రోజు ఇంకోటి కూడా కనపడింది. హీటర్ ఆన్ అయినప్పుడల్లా ప్యానెల్‌లో కాంటాక్టర్ టక్‌మని కొడుతుంది. మాకందరికీ వినపడుతోంది. నాన్న మాత్రం లైటు చూశాడు. ఇంకా చూస్తే, మూడు గంటల్లో ఒక్కసారి కూడా మెషీన్ వైపు చెవి పెట్టలేదు. అరచేయి పెట్టాడు. గేర్‌బాక్స్ మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు నాతో అనేవాడు, "మెషీన్ పాట పాడతది, పాట మారితే సరుకు మారినట్టే" అని. ఇప్పుడు ఆ పాటని చేత్తో వింటున్నాడు.

ఇంట్లో అమ్మ ఎప్పుడూ అంటుంది, పిలిస్తే పలకడు, టీవీ సౌండ్ పెంచేస్తాడు అని. మేమంతా అది నాన్న పరధ్యానం అనుకునేవాళ్లం. మరుసటి వారం బలవంతం మీద చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆడియోగ్రామ్ చేశారు. నేను ఆ నెలంతా గ్రాఫులే చూస్తున్నాను కాబట్టి డాక్టర్ చెప్పకముందే చదవగలిగాను. 250, 500, 1000 హెర్ట్జ్ దగ్గర గీత బాగానే ఉంది. 4000 దగ్గర గోతిలో పడింది. రెండు చెవులకీ. పెద్ద చప్పుడులో ఏళ్లు పనిచేసిన వాళ్లకి ఆ గుంట అక్కడే పడుతుందట. కంపెనీలో ఎక్స్‌ట్రూడర్ కంటే స్క్రాప్ నూరే గ్రైండర్ చప్పుడు ఎక్కువ, అది నాన్న మెషీన్‌కి పది అడుగుల్లోనే ఉంటుంది. చెవి లోపలి కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. మాటల్లో స, ష, చ లాంటి అక్షరాలు ఉండేది పై ఫ్రీక్వెన్సీల్లోనే. అందుకే నాన్నకి మాట వినపడుతుంది గానీ ఏ మాటో తెలీదు.

"ఎప్పట్నుంచి నాన్నా?" అంటే "నాలుగైదేళ్లు" అన్నాడు. "కంపెనీలో చెప్పావా?" "చెబితే ప్యాకింగ్‌లో పడేస్తారు."

నేను రాత్రి కూర్చుని చదివాను. చప్పుడు వల్ల వచ్చే చెవుడు 2025 వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో ఉండేది. అంటే అది వృత్తి వల్ల వచ్చే జబ్బు, డాక్టర్ గమనిస్తే అధికారులకి తెలియజేయాల్సిన జబ్బు. అప్పటి ఈఎస్ఐ చట్టంలో కూడా అలాంటి జబ్బుల పట్టీలో ఉండేది. ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను, పెద్దగా, నెమ్మదిగా. ఆయన మొత్తం విని, "చట్టం నీ ఫోన్లో ఉందమ్మా, షిఫ్ట్ చార్ట్ ఓనర్ దగ్గర ఉంది" అన్నాడు.

తర్వాత నేను తప్పించుకుంటున్న ప్రశ్న ఆయనే అడిగాడు. "మీ డబ్బా వస్తే ఆపరేటర్ అక్కర్లేదా?"

కృత్రిమ మేధ ఉద్యోగాలు తీసేస్తుందా అనే టాపిక్ మీద ఇంటర్‌లో డిబేట్‌లో మాట్లాడాను. రెండు వైపులా మాట్లాడి ఒక కప్పు కూడా తెచ్చుకున్నాను. ఆ కప్పు మా టీవీ పక్కనే ఉంది. అదే ప్రశ్న నాన్న అడిగితే ఆ పాయింట్లు ఒక్కటీ పనికిరాలేదు. నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. మా సెన్సర్ ఏదో మారిందని చెప్తుంది, ఎందుకు మారిందో చెప్పదు. జాలీ మార్చదు, హాపర్‌లో అడ్డుపడ్డ దానాని పొడవదు. ఆ ఆదివారమే ఒక శాంపిల్ మాడువాసన వస్తోందని నాన్న పక్కన పెట్టాడు, మా గ్రాఫ్‌లో ఆ సమయంలో ఏ తేడా లేదు. మా డబ్బాకి ముక్కు లేదు. ఇంకోసారి తీగ చూడ్డానికి బాగానే ఉంది, నాన్న "ఫర్లేదు" అన్నాడు, గ్రాఫ్ మాత్రం వణికింది, అడ్డంగా కోసి చూస్తే లోపల ఉండలున్నాయి. అంటే ఒకరికి తెలియంది ఇంకొకరికి తెలుస్తోంది. "నీ కళ్లజోడు లాంటిది నాన్నా. నీకు వినపడనిది నీకు వినిపిస్తుంది" అన్నాను. బాగా చెప్పాననుకున్నాను.

నాన్న కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇది నా ముక్కు మీద ఉంటది. మీ డబ్బా ఎవరి టేబుల్ మీద ఉంటది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అప్పటికి మా డిజైన్‌లో స్క్రీన్ మేనేజర్ గదిలో ఉంది. అందరూ అలాగే చేస్తారు. డేటా క్లౌడ్‌కి పోతుంది, డాష్‌బోర్డ్ వెబ్‌లో ఉంటుంది, ఏదైనా తేడా వస్తే మేనేజర్ ఫోన్‌కి అలర్ట్ పోతుంది. ఆపరేటర్‌కి తెలిసేది చివర్న, తిట్ల రూపంలో. టెక్నాలజీ అదే, లెక్కలు అవే, వేరియన్స్ అదే. అలర్ట్ ముందు ఎవరికి చేరుతుంది అనే ఒక్క లైను కోడ్‌తో అది ఒకరికి కళ్లజోడు అవుతుంది, లేకపోతే సీసీ కెమెరా అవుతుంది. మా సిలబస్‌లో ఈ లైను గురించి ఏ యూనిట్‌లోనూ లేదు.

టీంతో మాట్లాడాను. ఒకమ్మాయి వెంటనే ఒప్పుకుంది, ఇంకో అబ్బాయి "క్లౌడ్ లేకపోతే మార్కులు తగ్గుతాయి" అన్నాడు. అది కూడా నిజమే. రెండు రోజులు గొడవపడి చివరికి మార్చాం. ఇప్పుడు మా డిజైన్‌లో మెషీన్ ప్యానెల్ మీదే మూడు రంగుల లైటు ఉంటుంది. వణుకు పెరిగితే పసుపు, ఇంకా పెరిగితే ఎరుపు. బజర్ పెట్టలేదు. వినపడని మనిషికి బజర్ ఎందుకు? బదులుగా ఫోన్లలో ఉండే వైబ్రేషన్ మోటార్ లాంటిదే కాస్త పెద్దది, ప్యానెల్ పక్కన పట్టుకునే చోట. చేయి పెట్టి వినడం నాన్న దగ్గర నేర్చుకున్నదే. రికార్డంతా అక్కడే మెమరీ కార్డులో ఉంటుంది, ఆపరేటర్ సర్దుబాటు చేసి ఏం చేశాడో ఒక బటన్‌తో నమోదు చేసుకోవచ్చు. స్పీడు తగ్గించానా, జాలీ మార్చానా, ఫీడ్ ఆపానా. సరుకు బాగుపడితే దాన్ని బాగుచేసింది ఎవరో కూడా ఆ రికార్డులో ఉంటుంది.

వైవాలో బయట నుంచి వచ్చిన ఎగ్జామినర్ అదే అడిగారు. "ఈ రోజుల్లో క్లౌడ్ లేకుండా ప్రాజెక్టా?" నేను ఇంగ్లిష్‌లోనే జవాబు మొదలుపెట్టాను. లేటెన్సీ, నెట్‌వర్క్ అన్నీ చెప్పాను, అవి కూడా కారణాలే. తర్వాత ఆగి తెలుగులో చెప్పాను. "సార్, మెషీన్‌ని సరిచేసే చెయ్యి మెషీన్ దగ్గరే ఉంటుంది. అలర్ట్ ముందు ఆ చేతికి అందాలి." ఆయన తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లారు. మార్కులు ఇంకా రాలేదు. క్లౌడ్ అబ్బాయి నన్ను క్షమించాలంటే అవి మంచివే రావాలి.

రిపోర్ట్ మొదటి పేజీల్లో కృతజ్ఞతలు రాయాలి కదా. సాధారణంగా ప్రిన్సిపాల్, హెచ్ఓడీ, గైడ్, చివర్న తల్లిదండ్రులు "వాళ్ల ప్రోత్సాహానికి". నేను నాన్న పేరు ఆ వరసలో పెట్టలేదు. డేటా సేకరణ అధ్యాయంలో పెట్టాను, లేబుల్స్ ఇచ్చింది ఎవరు అనే చోట, ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న ఎక్స్‌ట్రూడర్ ఆపరేటర్ అని రాసి. సార్ దాన్ని అలాగే ఉంచారు.

చెప్పుకోవాల్సినవి చెప్పేశాను, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నది ఒకటి మిగిలింది. మా ప్రాజెక్ట్ కాలేజీ ల్యాబ్‌లోనే ఉంది, నాన్న కంపెనీకి వెళ్లలేదు, ఇప్పట్లో వెళ్లదు కూడా. నాన్న మాత్రం రోజూ వెళ్తున్నాడు. నేను కొనిచ్చిన ఇయర్ మఫ్‌లు పెట్టుకుంటున్నాడు, కనీసం గ్రైండర్ నడిచే గంటల్లో. తోటివాళ్లు నవ్వితే "మా అమ్మాయి ఇంజినీర్, వేసుకోమంది" అంటున్నాడట. ఓనర్‌కి ఇంకా చెప్పలేదు. నేను అడిగినప్పుడల్లా "చూద్దాం" అంటాడు. చెప్పాలా వద్దా అన్నది నేను తీసుకోగలిగే నిర్ణయం కాదు, ఉద్యోగం ఆయనది, ఆయన సంపాదనతో చదువుకుంటున్నదాన్ని నేను. ఆడియోగ్రామ్ కాగితం బీరువాలో నా టెన్త్ మెమో పక్కన ఉంది. వచ్చే నెల మళ్లీ టెస్ట్‌కి రమ్మన్నారు. ఈసారి సెలవు పెట్టి వస్తానన్నాడు, సెలవు చీటీలో కారణం ఏం రాయాలో ఇద్దరం ఇంకా ఆలోచిస్తున్నాం.